మార్లిస్ పటంలో మిగిలిన తెల్లముక్క

"మీరేం చేస్తుంటారు?" అన్న ప్రశ్నంటే మార్లిస్ హౌగెన్‌కి ముప్ఫై ఏళ్లుగా హడలు. పెళ్లి విందుల్లో, విమానాల్లో, పళ్ల డాక్టరు దగ్గర పేరు పిలిచేదాకా కూర్చునే చోట, ఎక్కడ పడితే అక్కడ ఈ ప్రశ్న పొంచి ఉండేది. నిజం చెబితే పక్కవాళ్ల కుర్చీ కిర్రుమంటూ ఓ జానెడు అవతలికి జరిగేది. ఆమె యూనివర్సిటీలో నేరశాస్త్రం ప్రొఫెసరు. అందులోనూ, ఆడవాళ్ల మీదా పిల్లల మీదా అఘాయిత్యం చేసి, జైలుకెళ్లి, తిరిగొచ్చినవాళ్ల కోసం ప్రభుత్వాలు ఎలాంటి చట్టాలు చేస్తున్నాయి, వాటివల్ల ఎవరికైనా ఒరిగిందేమైనా ఉందా అన్నది ఆమె పరిశోధన. ఇంత సంగతి ఒక్క వాక్యంలో ఇమడదు. రెండో వాక్యం దాకా ఎవరూ ఆగరు.

ఒకసారి విమానంలో తెలివిగా "ఇన్సూరెన్సు" అని చెప్పింది. పక్కాయన మొహం చేటంత అయింది. ఆయనదీ అదే వ్యాపారం. డెన్వర్‌లో దిగేదాకా రెండున్నర గంటలు వడగళ్లకి పాడైన పైరు బీమా గురించి తలూపుతూ కూర్చోవలసి వచ్చింది. ఇంకోసారి "ఆదాయపు పన్ను శాఖ" అని చూసింది. అప్పుడూ కుర్చీ జరిగింది. ఆ తర్వాత నుంచి ప్రయాణాల్లో ఎక్కీ ఎక్కగానే కళ్లు మూసుకోవడం అలవాటు చేసుకుంది.

ఈ చదువు ఆమె ఏరి కోరి ఎంచుకున్నదేమీ కాదు. రైతు కూతురు. పశువుల దొంగతనాల మీద పరిశోధన చేద్దామని సరదా పడింది. చిన్నప్పుడు వాళ్ల దొడ్లోంచి రెండు కోడెలు పోయాయి, ఆ కక్ష ఉంది. గైడు మాత్రం అద్దాలు తుడుచుకుంటూ, "పశువుల దొంగల మీద ఇప్పటికే ముగ్గురు కూర్చున్నారమ్మా. ఈ సబ్జెక్టులో కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది కూడా, ఎందుకంటే ఎవరూ రారు. నువ్వు కూర్చో" అన్నాడు. ఆమె కూర్చుంది. లేవడం కుదర్లేదు.

ఆ కబురు తల్లికి చెప్పిన రోజు ఆమెకి బాగా గుర్తు. వాళ్లమ్మ ఆర్డిస్ ఉడికించిన బంగాళాదుంపలు మెదుపుతోంది. విని, గరిటె పక్కన పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"హంతకుల మీద చేసుకోకూడదూ? మర్యాదగా ఉంటుంది."

"అమ్మా, ఇదీ పరిశోధనే."

"కాదన్నానా. హంతకులైతే చర్చిలో చెప్పుకోడానికి బాగుంటుందని."

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నేలమాళిగలో కాఫీ దగ్గర ఎవరడిగినా ఆర్డిస్ "మా అమ్మాయి లెక్కలు చెబుతుంది" అనేది. అబద్ధమేమీ కాదు. మార్లిస్ పుస్తకాలనిండా పట్టికలే. మార్లిస్ కూడా ఆ ముక్కని సరిదిద్దలేదు. పర్యవసానంగా ఊళ్లోవాళ్లు పిల్లల హోంవర్కు తెచ్చి ఆమె చేత భిన్నాలు చేయించుకునేవారు.

ఊరి పేరు స్టోర్లీ. మొక్కజొన్న, సోయా, మూడు లూథరన్ చర్చిలు, ఓ యూనివర్సిటీ. ఆ ఊళ్లో ఎవరూ ఎవరినీ మొహం మీద కాదనరు. వంట బాగోకపోతే "ఇదో రకంగా ఉంది" అంటారు. ఇల్లు తగలబడుతున్నా "కాస్త వెచ్చగా ఉన్నట్టుంది కదూ" అంటారు. అలాంటి ఊళ్లో ముక్కుసూటిగా మాట్లాడే సబ్జెక్టు పట్టుకుని మార్లిస్ ముప్ఫై ఏళ్లు నెగ్గుకొచ్చింది. ఊరు ఆమెని భరించిందనడం ఇంకా న్యాయం.

ప్రతి ఆగస్టులోనూ ఆమె క్లాసు కిటకిటలాడేది. టీవీలో చూసిన ఘోరాలన్నీ చెబుతుందని పిల్లలు ఎగబడి చేరేవారు. మొదటి గంటలోనే ఆమె ఒక పెద్ద పట్టిక తెరమీద పెట్టి, "వందమంది బాధితుల్లో తొంభైమందికి పైగా, చేసినవాణ్ణి ముందే ఎరుగుదురు. చుట్టమో, ఇంటికొచ్చే స్నేహితుడో, నమ్మకస్తుడో. పొదలమాటు అపరిచితుడి కోసం మనం చట్టాలు రాస్తున్నాం. అసలు చేసేవాడు మాత్రం లోపల డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు" అనేది. రెండో వారానికి సగం మంది వాతావరణ శాస్త్రానికి మారిపోయేవారు. మిగిలినవాళ్లు మంచి పిల్లలు. వాళ్లంటే ఆమెకి ప్రాణం.

అసలు గొడవ ఊరి కౌన్సిల్‌తో మొదలైంది.

కౌన్సిల్ అధ్యక్షుడు వెర్లిన్ ఆస్బెర్గ్. మేకులూ సుత్తులూ అమ్మే కొట్టు యజమాని, మనిషి వెన్న. ఏ చట్టమూ పాపం కోపంతో చేసేవాడు కాదు. ఇలాంటి నేరాలకి శిక్షపడి ప్రభుత్వ జాబితాకెక్కిన నేరస్థుడెవడూ బడికీ పార్కుకీ రెండు వేల అడుగుల లోపు కాపురం ఉండకూడదనీ, పది నిమిషాలకి మించి నిలబడకూడదనీ ఊరు తీర్మానం చేసింది. దారిన పోవచ్చు, ఆగకూడదు. బాగానే ఉంది. కానీ ఊళ్లో ఉన్నవి రెండు బళ్లు, ఒక పార్కు. ఆ రెండు వేల అడుగుల వలయాల్లోకి రాని ఇళ్లు ఇంకా బోలెడు మిగిలాయి. అప్పుడు వెర్లిన్‌కి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పార్కులు పెంచితే సరి.

పార్కంటే మరేం లేదు. పదడుగుల జాగా, ఒక బల్ల, కాంక్రీటులో పాతిన స్ప్రింగు మీద ఊగే ప్లాస్టిక్ గుర్రం. అంతే. దాని చుట్టూ రెండు వేల అడుగులు పవిత్రం అయిపోతాయి. పదకొండేళ్లలో తొమ్మిది గుర్రాలు వెలిశాయి. ఒకటి ధాన్యం గాదెల పక్కన, ఒకటి మురుగునీటి కేంద్రం దగ్గర. తొమ్మిదో దానికి వెర్లిన్ అత్తగారి పేరు పెట్టారు. బతికున్నంతకాలం పిల్లలంటే మండిపడ్డ మనిషి ఆవిడ. ఆ గుర్రాల మీద ఏ పిల్లా ఎక్కిన పాపాన పోలేదు.

మొదటి తీర్మానం నుంచీ, ప్రతి కొత్త గుర్రానికీ మార్లిస్ కౌన్సిల్‌కి వెళ్లి మాట్లాడింది. ఊరి జనం ఎవరైనా వచ్చి మైకు ముందు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. మూడో నిమిషం పూర్తయితే వెర్లిన్ హోటల్ కౌంటర్ మీద ఉండే గంటలాంటిది టింగుమనిపిస్తాడు. మార్లిస్ అలా పదహారుసార్లు మాట్లాడింది. పటాలు పట్టుకెళ్లింది. ఇల్లు లేకుండా చేసిన మనిషి వంతెన కింద చేరతాడని, అక్కడ వాడిపై ఎవరి కన్నూ ఉండదని, దానివల్లే ప్రమాదం పెరుగుతుందని చెప్పింది. ప్రతిసారీ వెర్లిన్ శ్రద్ధగా విని, "చాలా ఆసక్తికరంగా ఉంది ప్రొఫెసర్ గారూ, థాంక్యూ" అని, ఏకగ్రీవంగా గుర్రానికి ఓటు వేయించాడు.

ఏడో గుర్రంతో పోలీసు పని చూసే షెరీఫ్ ఆఫీసే వలయంలో పడిపోయింది. జాబితాలో ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి అక్కడికొచ్చి సంతకం పెట్టాలి, లేకపోతే నేరం. సంతకం తతంగానికి పావుగంట పడుతుంది. పది నిమిషాలు దాటి నిలబడితే అదీ నేరమే. మార్లిస్ ఈ మాట చెబితే సభ మొత్తం ముక్కు మీద వేలేసుకుంది. ఇప్పుడైనా తీర్మానం తీసేస్తారని ఆమె ఆశపడింది. వాళ్లు ఒక మడత బల్ల కొన్నారు. అప్పటినుంచి మూడు నెలలకోసారి షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ ఆ బల్ల మోసుకుంటూ ఊరవతల మొక్కజొన్న చేను గట్టున వేసి, అందరి చేతా సంతకాలు పెట్టించేవాడు. గాలికి ఫారాలు ఎగిరి చేలో పడితే డిప్యూటీ, నేరస్థులూ కలిసి వెతికేవారు. మార్లిస్ దీని మీద ఓ వ్యాసం రాస్తే పత్రికవాళ్లు అది హాస్యవ్యాసం అనుకుని తిప్పి పంపారు.

తొమ్మిదో గుర్రం వచ్చాక ఆమె తన విద్యార్థులతో ఊరి పటం వేయించింది. ప్రతి బడి చుట్టూ, ప్రతి గుర్రం చుట్టూ ఎర్ర వలయం. క్లాసులో తెరమీద పెడితే ఊరంతా ఎర్రబారింది. ఒక్కచోట, నాలుగు వలయాలు కలిసీ కలవని సందులో, కర్బూజా ముక్కంత తెల్లగా మిగిలింది.

"మొత్తం స్టోర్లీలో వాళ్లు చట్టప్రకారం ఉండగలిగింది ఇదొక్కటే" అంది మార్లిస్ విజయగర్వంతో.

వెనక బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "అది ఏ వీధండీ?"

మార్లిస్ అద్దాలు సర్దుకుని దగ్గరికెళ్లి చూసింది. గూస్ లేన్. అవతలికి దారిలేని సందు. నాలుగిళ్లు. రెండోది వాళ్లమ్మది. మూడోది ఆమెది.

"అది... అది చిన్న వీధి" అని, ఆ పూట క్లాసు పది నిమిషాల ముందే వదిలేసింది.

పటం విద్యాపత్రికలో అచ్చయింది. పన్నెండుమంది చదివి ఉంటారు. వాళ్లలో ఒకరు జైలు నుంచి వచ్చినవాళ్లని కనిపెట్టుకుని ఉండే పెరోల్ ఆఫీసరు. ఆవిడ మెచ్చుకుని, ఆ పేజీ జిరాక్సులు తీయించి, ఇల్లు దొరకనివాళ్లకి ఒక్కొక్కటీ ఇచ్చింది.

మే నెలలో ఓ ఆదివారం మార్లిస్ మామూలుగా తల్లి ఇంటికి భోజనానికి వెళ్లింది. బల్ల దగ్గర అరవై దాటిన ఒకాయన కూర్చుని, ఆర్డిస్ చేసే క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీ తింటున్నాడు. రెండోసారి వడ్డించుకున్నట్టు కనబడుతోంది. మార్లిస్ ఆశ్చర్యపోయింది. నలభై ఏళ్లలో ఆ జెల్లీ రెండోసారి అడిగిన మనిషి లేడు.

ఆయన చప్పున లేచి నిలబడ్డాడు. "ప్రొఫెసర్ గారా? నా పేరు రోలండ్ క్విగ్లీ అండి. మీ పటం చాలా స్పష్టంగా ఉందండి. ఇల్లు వెంటనే దొరికింది."

మార్లిస్ తల్లి వైపు చూసింది.

"గ్యారేజీ పైన గది ఖాళీగానే ఉందిగా" అంది ఆర్డిస్. "మంచు తోసే మిషను బాగుచేస్తాడట. కూర్చో, చల్లారిపోతుంది."

రోలండ్ చేసింది చిన్న తప్పేమీ కాదు. పందొమ్మిదేళ్లు లోపల ఉన్నాడు. ఉండవలసిందే. ఆ సంగతి తనే చెప్పాడు. ముప్ఫై రోజుల్లో చట్టానికి ఒప్పే చిరునామా చూపించకపోతే మళ్లీ లోపలికి పంపిస్తారట. అప్పటికే పదకొండు రోజులు వంతెన కింద గడిచాయి. "ఇక్కడ కుదరకపోతే ఇంకెక్కడా లేదండి. మీకు తెలియందేముంది, పటం మీదేగా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు.

మార్లిస్ మర్యాదగా భోంచేసింది. మర్యాదగా ఇంటికొచ్చింది. తలుపు గడియ పెట్టింది. కాసేపాగి, పెట్టానా లేదా అని చూసుకుంది. పెట్టే ఉంది. ఇంకాసేపాగి మళ్లీ చూసుకుంది. ఆ వయసువాడు, అన్నేళ్లు గడిచాక మళ్లీ అలాంటి పని చెయ్యడం ఎంత అరుదో లెక్కగట్టింది ఆమే. ఆ అంకె దశాంశ స్థానాలతో సహా నోటికొచ్చు. అంకె తలకి తెలుసు, చెయ్యి మాత్రం గడియ వైపే పోతోంది. తనమీద తనకి పట్టరానంత సిగ్గేసింది.

మూడోరోజు ఎదురింటి జానెల్ వచ్చింది. చేతిలో తగరపు కాగితం కప్పిన పళ్లెం. స్టోర్లీలో చెడ్డ కబురెప్పుడూ తగరపు కాగితం కిందే వస్తుంది.

"నిమ్మకాయ కేకు చేశాలే. ఊరికే తెచ్చా" అంది జానెల్.

"థాంక్స్ జానెల్. కూర్చో."

"కూర్చోను, పొయ్యి మీద గిన్నె పెట్టి వచ్చాను." కూర్చుంది. "నేనేం అనడం లేదు మార్లిస్. పాపం మంచివాడే అయ్యుండొచ్చు. నేనేం అనడం లేదు."

"అనకపోతే మంచిదేగా."

"మా మనవరాళ్లు జూన్‌లో వస్తారు. అదే నా బాధ. అంతకంటే నేనేం అనడం లేదు." పళ్లెం అడుగునుంచి ఒక మడత కాగితం తీసింది. "మీ అమ్మగారి ఇంటిముందు గడ్డి ఉంది చూశావూ, వీధి మలుపు దగ్గర. అందులో పదడుగులు ఊరికి దానమిస్తే... వెర్లిన్ దగ్గర గుర్రం ఒకటి మిగిలిపోయి ఉందట. ఎవరి మీదా కోపం అక్కర్లేదు, ఎవర్నీ పొమ్మనక్కర్లేదు. గుర్రం పెడితే చట్టమే చూసుకుంటుంది."

"అంటే పార్కు."

"చిన్న పార్కు. ఆవిడ సంతకం ఒక్కటి చాలు. నువ్వు చెబితే పెడుతుంది. నీ మాట కాదంటుందా?"

కాదని చెప్పడానికి మార్లిస్‌కి పదహారు ప్రసంగాల సరుకుంది.  "ఆలోచిస్తాను" అంది. కాగితం తీసుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. జానెల్ వెళ్లాక నిమ్మకాయ కేకు మూడు ముక్కలు నిలబడే తినేసింది. కోపం కేకు మీద చూపించడం తప్ప ఏం చెయ్యాలో తెలీలేదు.

వారం గడిచింది. కాగితం బ్యాగులోనే ఉంది. తల్లికి చూపించలేదు, చించలేదు. రోజూ యూనివర్సిటీకి వెళ్తూ గ్యారేజీ వైపు చూడకుండా కారు వెనక్కి తీసేది. రోలండ్ గ్యారేజీ ముందు నుంచి టోపీ తీసి నమస్కారం పెట్టేవాడు. ఆయనకింకా పది రోజులు గడువుంది. అప్పటికి గుర్రం పడితే ఆయన పెట్టె సర్దుకోవాలి. ఇది ఆయనకి తెలియదు. ఆమెకి తెలుసు. 

మంగళవారం సాయంత్రం ఆరింటికి కౌన్సిల్. మార్లిస్ కారు తీస్తుంటే ఆర్డిస్ ఆదివారపు కోటు తొడుక్కుని, పక్క తలుపు తెరుచుకుని ఎక్కి కూర్చుంది. పదకొండేళ్లలో కూతురి ప్రసంగానికి ఆవిడ ఒక్కసారి కూడా రాలేదు.

"నువ్వెక్కడికమ్మా?"

"నా గడ్డి నేను ఊరికి దానమిస్తున్నట్టు పేపర్లో పడింది. నేనెలా ఇస్తానో చూద్దామని."

మార్లిస్ ఒళ్లోని హ్యాండ్‌బ్యాగు సీటు పక్కకి తోసింది. వారపత్రికలో కౌన్సిల్ విషయసూచిక అచ్చవుతుందని, తల్లి దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతుందని మర్చిపోయింది.

హాలు నిండిపోయి ఉంది. మామూలుగా మార్లిస్ ప్రసంగాలకి కౌన్సిల్ సభ్యులు అయిదుగురు, ఎండకి తలదాచుకునే ముసలాయనొకడు వచ్చేవారు. ఈసారి కుర్చీలు చాలక గోడలవెంట నిలబడ్డారు. వెనక వరసలో రోలండ్ కూడా ఉన్నాడు, టోపీ ఒళ్లో పెట్టుకుని. ఆయనకి విషయం తెలిసిపోయింది. పేపరు ఆర్డిస్ చదివాక ఆయనకి ఇస్తుందట.

వెర్లిన్ పేరు పిలిచాడు. మార్లిస్ మైకు దగ్గరికి వెళ్లింది. పటాలు తేలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాలేదు.

"నా పేరు మార్లిస్ హౌగెన్, గూస్ లేన్ మూడో నంబరు" అంది. పదహారుసార్లూ అలాగే మొదలుపెట్టింది, ఆ వీధి పేరుతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు అందరూ మెడలు చాచారు. "మీకు ఇన్నేళ్లుగా భయపడాల్సింది దీనికి కాదు అని చెబుతూ వచ్చిన మనిషిని. ఇవాళ నిజం చెప్పాలి. నాకు భయంగా ఉంది."

హాలు దద్దరిల్లింది. చప్పట్లు. జానెల్ లేచి నిలబడింది. జానెల్‌ని చూసి మిగతావాళ్లూ లేచారు. పదహారు ప్రసంగాలకి ఒక్క చప్పట రాని మార్లిస్‌కి ఊరు ఊరంతా నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమె చేతులు ఊపుతూ "కానీ... కానీ... ఆగండి, నేను చెప్పేది..." అంటూనే ఉంది. మైకులోంచి 'కానీ' ఎవరికీ వినపడలేదు. వెనక వరసలో రోలండ్ తల వంచుకుని టోపీ అంచు నలుపుతున్నాడు. చప్పట్లు తగ్గేసరికి మూడు నిమిషాలు అయిపోయాయి. టింగ్.

"చాలా ఆసక్తికరంగా ఉంది ప్రొఫెసర్ గారూ, థాంక్యూ" అన్నాడు వెర్లిన్. ఈసారి మనస్ఫూర్తిగా అన్నాడు. "మరి జాగా ఆర్డిస్ గారి పేరున ఉంది. ఆవిడే వచ్చారు గనక... ఆర్డిస్ గారూ, ఒక్క సంతకం."

ఆర్డిస్ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "మూడు నిమిషాలు నాకూ ఉంటాయా వెర్లిన్?"

"అయ్యో, ఎందుకుండవండీ."

ఆవిడ మైకు దగ్గరికి రావడానికే ఒక నిమిషం పట్టింది. మైకు పొడుగైంది, ఆవిడ పొట్టి. మార్లిస్ వంగి దాన్ని కిందికి దించబోతే చేత్తో తోసేసింది.

"నాకు ఎనభై నాలుగేళ్లు. నాకు గట్టిగానే వస్తుంది గొంతు" అంది. "ఆ రోలండ్ నాకు నచ్చడు. ముందు అది చెబుతున్నా. తినేటప్పుడు చప్పుడు చేస్తాడు."

ఒకరిద్దరు నవ్వారు.

"మా అమ్మాయి వందలో తొంభైమందికి పైగా అని ఒక లెక్క చెబుతుంది. ఇంట్లోవాళ్లే, తెలిసినవాళ్లే అని. మీరు పదకొండేళ్లుగా వింటున్నారు. నేనైతే ఎప్పుడూ రాలేదు వినడానికి. ఆ తొంభైలో నేనొకదాన్ని. అందుకని."

నవ్వినవాళ్లు ఆపేశారు.

"నాకు తొమ్మిదేళ్లప్పుడు. మా బాబాయి ఆర్విల్. ఏం చేశాడో ఇక్కడ చెప్పను. రెండు వేసవులు చేశాడు. చర్చిలో డీకన్, పెద్దమనిషి. నేలమాళిగలో కాఫీ గిన్నెల వెనక గోడ మీద ఫొటో ఉంది, ఎడమవైపు నుంచి మూడోవాడు. మీరంతా ఆ ఫొటో కింద కూర్చునే కాఫీ తాగుతారు. నేనూ తాగుతాను. వాడి చుట్టూ ఎవరూ వలయం గియ్యలేదు. గీస్తే మా ఇంట్లోనే గియ్యాలి."

వెర్లిన్ చెయ్యి గంట దగ్గరే ఉంది. కొట్టలేదు.

"ఈ మనిషి నా గుమ్మంలోకి వచ్చి, టోపీ తియ్యకముందే తను చేసింది చెప్పాడు. చెప్పాక, లోపలికి రమ్మంటే వస్తా, పొమ్మంటే పోతా అన్నాడు. డెబ్భై అయిదేళ్లలో ఒక మగాడు నా మొహం చూసి, నేను చేశాను అనడం అదే మొదటిసారి. వాడు చేసింది నాకు కాదనుకో. అయినా వినాలని ఉండింది నాకు." ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. "గడ్డి ఇవ్వను. జానెల్, మీ మనవరాళ్లు వస్తే వాళ్లని కనిపెట్టుకుని ఉండు. వాడి నుంచే కాదు. అందరి నుంచీ. అంతే."

చప్పట్లు లేవు. కుర్చీ కూడా ఎవరూ జరపలేదు. ఎవరో దగ్గారు. వెర్లిన్ గంటని సొరుగులో పెట్టి, జాగా లేదు గనక ఈ అంశం చర్చకి రాదని చెప్పి, వీధి దీపాల విషయానికి వెళ్లాడు. జానెల్ చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. రోలండ్ అందరికంటే ముందే లేచి బయటికి పోయాడు. వలయంలో పది నిమిషాలు దాటి కూర్చున్నాడని డిప్యూటీకి గుర్తొస్తే గొడవ.

కారులో కూర్చున్నాక మార్లిస్ తాళంచెవి తిప్పలేకపోయింది. వృత్తిలో నాలుగువందల మంది బాధితుల్ని కూర్చోబెట్టి, ఏడ్చేవాళ్లకి రుమాలిచ్చి, నెమ్మదిగా ఎలా అడగాలో అలా అడిగిన మనిషి. ఎలా మొదలుపెట్టాలో విద్యార్థులకి పాఠం చెప్పే మనిషి. ఇప్పుడు, బ్యాగులోంచి జానెల్ కాగితం తీసి నాలుగు ముక్కలు చించింది. అది ఈపాటికి పనికిరాని పనే, అయినా చించింది.

"నాకు చెప్పలేదేమ్మా?" అంది చివరికి. ఏడుపొచ్చేసింది.

"నువ్వు ఆ చదువు చదువుతానన్నప్పుడు తెలిసిపోయిందేమో అనుకున్నా. భయమేసింది." ఆర్డిస్ కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకుంటోంది. "తర్వాత తెలీదని అర్థమైంది. ఇక ఎందుకులే అనుకున్నా. నీ పుస్తకం మాత్రం చదివాను."

"నా పుస్తకమా? ఎప్పుడు?"

"అచ్చయిన ఏడాదే. లైబ్రరీలో కూర్చుని. ఇంటికి తెచ్చుకుంటే కార్డు మీద పడుతుందిగా, అక్కడ కౌంటర్లో ఉండే మార్గరెట్ చూస్తుంది. తొమ్మిది మధ్యాహ్నాలు పట్టింది. సగం అర్థం కాలేదు. నూట పన్నెండో పేజీలో ఒక పట్టిక ఉంది. చేసినవాడు చుట్టం, ఎవరికీ చెప్పలేదు, అని ఒక గడి."

"ఉంది" అంది మార్లిస్.

"ఎంతమంది అందులో?"

"నలభై ఒక్కమంది."

ఆర్డిస్ సీటు బెల్టు లాక్కుని, రెండుసార్లు తప్పి, మూడోసారికి పెట్టుకుంది.

"నలభై రెండు చేసుకో" అంది.